మూడో గడి

రంగుల మిల్లు గేటు దాటి లోపలికి అడుగుపెడితే, ఎడంపక్క గోడకి, హాజరు కార్డులు కొట్టే యంత్రం పక్కనే ఒక నల్లబోర్డు ఉండేది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. తెల్ల రంగుతో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత కొట్టి దాన్ని నాలుగు గళ్లు చేశారు. మొదటి గడిలో ‘చరిత్రలో ఈ రోజు’, రెండో గడిలో ‘మీకు తెలుసా?’, మూడో గడిలో ‘వాతావరణం’, నాలుగో గడిలో ‘నా మాట’. ఇరవై రెండేళ్లపాటు, ఆదివారాలు పోను, రోజూ పొద్దున ఆరున్నర కూత కూసేలోపే ఆ నాలుగు గళ్లూ నిండేవి. నింపేవాడు మిల్లు టైమ్ కీపరు. నింపమని ఆయనకెవరూ చెప్పలేదు. ఆపమని కూడా చాలాకాలం ఎవరూ చెప్పలేదు.

మిల్లులో ఆయన్ని గళ్ల బాబాయ్ అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే అనేవారు. ఆయన జీతం తీసుకునేది మాత్రం బోర్డు రాసినందుకు కాదు, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు లేటు రిజిస్టరులో ఎక్కించినందుకు. అందులోనూ గళ్లే. పేరు, వచ్చిన వేళ, ఎంత ఆలస్యం, కారణం. ఇంకెవరైనా అయితే చివరి గడి వదిలేసేవారు. ఈయన దగ్గర ఆ పప్పులుడకవు.

“గడి అన్నాక నిండాలి. ఖాళీ గడి చూస్తే నా పళ్లు జివ్వుమంటాయి. కారణం చెప్పు” అనేవాడు.

“చెప్పుకునే కారణం కాదు బాబాయ్.”

“అయితే చెప్పుకునేది ఒకటి అల్లు. రాసుకుంటా.”

అలా అల్లిన కారణాలతో ఆ రిజిస్టర్లు నిండిపోయాయి. అవే ఆయనకు తర్వాత పనికొచ్చాయి. బోర్డు మొదలుపెట్టిన కొత్తలో ‘చరిత్రలో ఈ రోజు’ కోసం ఏదో పాత పుస్తకం తిరగేసేవాడు. రాజులు, యుద్ధాలు, ఎక్కడో కూలిన కోటలు. నాలుగేళ్లకు పుస్తకమూ అయిపోయింది, చదివేవాళ్ల ఓపికా అయిపోయింది. అప్పుడు బీరువాలోంచి పాత రిజిస్టర్లు దింపాడు. ‘పన్నెండేళ్ల కిందట ఇదే రోజున బాయిలరు మేస్త్రి రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు తొడుక్కొచ్చి, సాయంత్రం దాకా ఎవరూ చూడలేదనుకున్నాడు.’ ఆ రోజు నుంచి చరిత్ర గడి ముందు జనం గుమిగూడడం మొదలైంది. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో అని భయం కూడా మొదలైంది.

రెండో గడి ఆడవాళ్ల సరదా. ‘ఆక్టోపస్‌కి మూడు గుండెలు’ అని రాసిన రోజున, రంగు తొట్ల దగ్గర పనిచేసే పెద్దావిడ నడుం మీద చెయ్యేసుకుని, “ఒక్క గుండెతోనే మొగుణ్ణి భరించలేక చస్తున్నాం, దానికి మూడెందుకమ్మా!” అంది. వారం రోజులు మిల్లంతా ఆ మాటే.

కానీ నవ్వులెన్నున్నా అందరి కళ్లూ ముందు పడేది మూడో గడి మీదే. ఎందుకంటే రంగు వేసిన గుడ్డ తాన్లు ఆరుబయట మైదానంలో తీగల మీద ఆరేసేవారు. ఒక పూటకి మూడు వందల తాన్లు. సగం ఆరిన గుడ్డ మీద వాన పడిందా, పసుపులోకి నీలం దిగుతుంది, నీలంలోకి ఎరుపు దిగుతుంది, ఆ గుడ్డ ఇక గచ్చు తుడవడానికే. అందుకే మైదానం మేస్త్రి ఆ గడి చూడనిదే ఒక్క తాను కూడా విప్పనిచ్చేవాడు కాదు. ‘ఎండ. ఆరేయండి’ అని ఉంటే ఆరేసేవారు. ‘పదింటికి వాన’ అని ఉంటే షెడ్డులోనే ఉంచేవారు. నూటికి తొంభై సార్లు అది నిజమయ్యేది. బాబాయ్ నాలుక మీద మచ్చ ఉందని కొందరు, మోకాలి నొప్పిని బట్టి చెప్తాడని కొందరు అనుకునేవారు.

మచ్చా లేదు, నొప్పీ లేదు. ఆయనకొక అక్క ఉంది. అంతే.

అక్కగారి ఊరు మిల్లుకు పడమటగా అరవై కిలోమీటర్లు. ఇక్కడికొచ్చే మబ్బు దాదాపు ప్రతిదీ ఆవిడ ఇంటి మీదుగా రావాల్సిందే. అక్కడ ఐదున్నరకు కనపడింది ఇక్కడికి మూడు నాలుగు గంటల్లో చేరుతుంది. తమ్ముడు పొద్దున ఐదున్నరకు ఫోన్ చేస్తాడు, అక్క వాకిట్లోకి వెళ్లి చూసి చెప్తుంది, అది మూడో గడిలోకి ఎక్కుతుంది. ఆ ఫోనులో మొదట్లో ఆకాశం గురించి ఒక మాటుంటే, మిగతావి తొంభై తొమ్మిది ఉండేవి. చిన్నప్పటి నుంచీ ఈయనకి కడుపులో మాట చెప్పుకోవడానికి అక్క తప్ప ఇంకెవరూ లేరు.

చిక్కంతా నాలుగో గడిలో వచ్చింది. పదేళ్ల కిందటి మాట. అక్క భర్తకు, అంటే ఈయన బావకు, మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఆయన ముప్పై ఐదేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. రిటైరై ఏడేళ్లయినా, పొద్దున నాలుగింటికి లేచి, బూట్లు తొడుక్కుని, లేసులు బిగించి, ఉత్తరాల సంచీ కోసం ఇల్లంతా వెతికేవాడు. అక్క ఆయన ముందు నేల మీద కూర్చుని, “ఇవాళ సెలవండీ” అని చెప్పి లేసులు విప్పేది. రోజూ ఇదే తంతు. ఆవిడ ఈ సంగతి ఒక పొద్దున తమ్ముడికి ఫోన్లో చెప్పుకుంది. సగం నవ్వుతూ చెప్పింది, మిగతా సగం నవ్వుతూ కాదు.

తమ్ముడు అది విని కదిలిపోయాడు. కదిలిపోయినవాడు ఊరుకోవచ్చుగా? ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు. నాలుగో గడి ఆ రోజు ఖాళీగా ఉంది, ఆయన పళ్లు జివ్వుమన్నాయి. ‘మా బావకు రోజూ సెలవే. మా అక్క రోజూ ఆయన బూట్ల లేసులు విప్పుతుంది. ఇంతకన్నా పెద్ద ఉద్యోగం నేను చూడలేదు’ అని రాశాడు. ప్రేమతోనే రాశాడు, అందులో అనుమానం లేదు. అయితే ఏం? గోడ మీద కనపడేది ప్రేమ కాదు, అక్షరాలే.

మిల్లులో ఒక ఫిట్టరు ఉన్నాడు. అక్కగారి ఊరివాడే. నోట్లో నువ్వుగింజ నానదు. శనివారం ఇంటికెళ్లి అరుగు మీద కూర్చుని అంతా ఒలకబోశాడు. వారం తిరక్కుండా ఆ వీధి పిల్లలు గోడ మీంచి తొంగిచూసి, “తాతా, ఇవాళ సెలవా?” అని అరవడం మొదలుపెట్టారు. పాపం ఆ పెద్దాయన గేటు దాకా వచ్చి, “అవునా బాబూ? ఎవరు చెప్పారు?” అని మర్యాదగా అడిగేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

ఒక పొద్దున తమ్ముడు ఫోన్ చేస్తే అక్క ఒక్కటే అడిగింది. “నేను నీకు చెప్పానా, గోడకి చెప్పానా?”

“అక్కా, నేను...”

“ఇక మీదట నా ఇంటి మాట ఒక్కటి నీ చెవిన వేస్తే ఒట్టు.”

రెండు నెలలు ఆవిడ ఫోన్ ఎత్తలేదు. ఆ రెండు నెలలూ ఆయన రేడియో విని మూడో గడి నింపాడు. మైదానంలో తాన్లు రెండుసార్లు తడిశాయి. మేస్త్రి మొహం చూడలేక చివరికి ఒకరోజు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. పన్నెండోసారి ఆవిడ ఎత్తింది. ఈయన ఊపిరి తీసుకోకుండా, “నీ సంగతులేవీ అడగనక్కా. మబ్బుందా లేదా, అదొక్కటి చెప్పు చాలు” అన్నాడు.

అవతల తలుపు తీసిన చప్పుడు, మళ్లీ వేసిన చప్పుడు.

“ఉంది. అది రాసుకో” అని ఫోన్ పెట్టేసింది.

అప్పట్నుంచి తొమ్మిదేళ్లకు పైగా వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అదే. “ఎలా ఉంది?” “పడమట నల్లగా ఉంది. గాలి ఇటే కొడుతోంది.” “సరే.” అర నిమిషం. బావ పోయినప్పుడు ఈయన వెళ్లి మూడు రోజులున్నాడు. “వచ్చావా, కూర్చో. వెళ్తావా, వెళ్లు.” అంతకు మించి ఆవిడ పెదవి విప్పలేదు. తిరిగొచ్చిన మర్నాడు ఐదున్నరకు ఫోన్ చేశాడు. ఆవిడ ఎత్తి, “మబ్బు లేదు” అంది. ఆ పూట ఆయన వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు.

భార్య ఇదంతా చూసి చూసి విసిగిపోయింది. “ఆకాశం అడిగే నోటితో ‘ఎలా ఉన్నావక్కా’ అని అడగలేరా?”

“అడిగితే పెట్టేస్తుంది. అదీ పోతుంది.”

“బాగుంది. ఆవిడ పట్టిన కుందేలుకీ మూడే కాళ్లు, మీరు పట్టిన కుందేలుకీ మూడే కాళ్లు. మధ్యలో ఆరు కాళ్లూ లెక్కపెట్టుకుంటూ నేను ముసలిదాన్నయిపోతున్నా.”

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. కానీ ఆయన లెక్క ఆయనది. మూడో గడి ఉన్నంతకాలం తనకు అక్కకి ఫోన్ చేసే హక్కుంది. ఆ గడి లేకపోతే ఏ మొహం పెట్టుకుని చేస్తాడు? నాలుగో గడిలో ఆయన ఆ తర్వాత తన సంగతులు తప్ప ఇంకొకరివి రాయలేదు. తన గొడుగు విరిగింది, తన కాలికి ఆనె లేచింది, తన కళ్లజోడు తన నెత్తి మీదే దొరికింది. ఇలాంటివి.

ఈ ఏడాది మిల్లుకు కొత్త మేనేజరు వచ్చింది. ముప్పై ఏళ్ల అమ్మాయి, మర్యాద తెలిసిన మనిషి, పని తెలిసిన మనిషి. వచ్చిన రెండో నెలలో ఒకరోజు మూడో గడిలో ‘తెల్లటి ఆకాశం. ఆరేయండి’ అని ఉంది. ఆ పొద్దున అక్క చెప్పింది అదే. మేస్త్రి మూడు వందల తాన్లూ తీగలెక్కించాడు. తొమ్మిదిన్నరకు ఆకాశం నల్లబడింది. పది దాటేసరికి కుండపోత. ఆడవాళ్లు కొంగులు బిగించి పరిగెత్తారు గాని అరవై తాన్లకు మించి లోపలికి చేరలేదు. మైదానం నేలంతా మూడు రంగుల నీళ్లు పారాయి.

మేనేజరు ఆయన్ని గదికి పిలిచింది. కుర్చీ చూపించి, “బాబాయ్ గారూ, ఈ వాతావరణం మీకెక్కడి నుంచి వస్తుంది?” అని అడిగింది.

“నా అంచనాయేనమ్మా.”

“ఎవర్నీ అడగరా?”

“అడగను. ఈసారి అంచనా తప్పింది.”

అక్కని మళ్లీ గోడకెక్కించే ధైర్యం ఆయనకు లేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. మూడో రోజుకల్లా గోడ మీద బోర్డు తీసేసి, అక్కడ టీవీలాంటి తెర పెట్టారు. అందులో గంట గంటకీ వాతావరణం దానంతటదే మారుతుంది. షెడ్డులో వేడిగాలితో ఆరబెట్టే యంత్రం కూడా వచ్చింది. ఆ అమ్మాయి మంచిగానే చెప్పింది. “మీ చరిత్ర, మీ మాట కూడా ఇందులో వేద్దాం బాబాయ్ గారూ. రోజూ రాసిస్తే చాలు.”

“వద్దులేమ్మా” అన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు.

వాచ్‌మన్ సాయంతో బోర్డు సైకిలుకి కట్టుకుని ఇంటికి తెచ్చి బీరువా వెనక నిలబెట్టాడు. దాని మీద ఆఖరి రోజు రాసినవి అలాగే ఉన్నాయి. భార్య తడిగుడ్డ తెచ్చి, “తుడవనా?” అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు ఐదున్నరకు వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకున్నాడు. చేస్తే మోసం. చేయకపోతే, ‘ఏమైందిరా’ అని ఆవిడ అడగదు, అలాగే తెగిపోతుంది. చేశాడు.

“పల్చగా ఉంది. వాన రాదు.”

“సరే.”

అలా యాభై నాలుగు రోజులు గడిచాయి. ఏ గోడ మీదా రాయని ఆకాశాన్ని రోజూ అడిగి తెలుసుకున్నాడు. నిజం చెప్తే అక్క ‘అయితే ఇంకెందుకు చేస్తున్నావు’ అంటుంది. ఆ ఒక్క మాటకీ ఆయన భయం.

యాభై నాలుగో రోజు సోమవారం. ఊరి నుంచి ఫిట్టరు వచ్చాడు. కార్డు కొడుతూ, “బాబాయ్, మీ అక్కగారి ఇల్లు అద్దెకిచ్చేస్తున్నారటగా” అన్నాడు.

“ఎవరు చెప్పారు?”

“ఎవరో చెప్పడమేంటి, తాళం వేసుంటే! ఆవిడ కూతురి దగ్గరికెళ్లి ఐదు నెలలైంది. మోకాళ్లు పట్టేశాయని తీసుకెళ్లింది. మీకు తెలియదా?”

“తెలుసు” అన్నాడు.

“ఎదురింటి టైలరు లబోదిబోమంటున్నాడు బాబాయ్. రోజూ ఐదుంపావుకి అక్కణ్ణుంచి ఫోన్ చేస్తుందట. ‘బయటికెళ్లి ఆకాశం చూడు నాయనా, పడమట ఎలా ఉంది, గాలెటుంది’ అని. ఆవిడకెందుకు చెప్పండి ఇక్కడి ఆకాశం? రెండు నెలల కిందట ఒకరోజు జ్వరమొచ్చి ఫోన్ ఎత్తలేదట. మర్నాడు చేసి, నిన్న అక్కడ వాన పడిందా అని అడిగి, పడిందంటే ఏడ్చినంత పనిచేసిందట. మనిషికి ఏమైనా తేడా చేసిందంటారా?”

“కార్డు కొట్టావుగా, లోపలికి నడు” అన్నాడు టైమ్ కీపరు.

ఆయనకు అన్నీ ఒక్కొక్కటిగా తెలిసొచ్చాయి. కూతురి ఊరు దక్షిణాన రెండు వందల కిలోమీటర్ల దూరం, నాలుగో అంతస్తులో ఫ్లాటు. అక్కడి నుంచి ఈ పడమటి ఆకాశం కనపడే అవకాశమే లేదు. అక్క ఊరు మారిన సంగతి చెప్పకుండా, టైలరును పొద్దున్నే లేపి, అతను చెప్పింది తనకు చెప్తూ వచ్చింది. అతను ఎత్తని రోజున నోటికొచ్చింది చెప్పింది. ఆ రోజే తాన్లు తడిశాయి. కోపం వస్తుందేమో అని చూసుకున్నాడు. రాలేదు.

సాయంత్రం భార్యకు చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టింది. “ఇంకేముంది, ఇద్దరూ దొంగలే. ఎవరో ఒకరు దొరికిపోండి” అంది.

మర్నాడు ఐదున్నర.

“ఎలా ఉంది?”

“పడమట పొర మబ్బు. గాలి ఉంది. మధ్యాహ్నం దాకా భయం లేదు. రాసుకో.”

“రాయడానికి బోర్డు లేదక్కా.”

“ఏం, రంగు వేయిస్తున్నారా?”

“తీసేశారు. రెండు నెలలు కావస్తోంది.”

పెట్టేసిందేమో అని ఆయన ఫోన్ చెవి నుంచి తీసి చూశాడు. పెట్టేయలేదు.

“ఆ వాన పడ్డాకా?” అంది.

“ఆ తర్వాతే.”

“నా వల్లే కదరా. ఆ రోజు ఇక్కడ తెల్లగా ఉంది. అక్కడా అంతేలే అనుకుని చెప్పేశా. నేను ఊళ్లో లేను. నీకు తెలియదు...”

“తెలుసు. ఫిట్టరు చెప్పాడు.”

“వాడి నోరు ఇంకా మూత పడలేదా!”

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. పదేళ్ల తర్వాత వినపడ్డ నవ్వు. అది ఆగాక ఆవిడ నెమ్మదిగా అడిగింది. “మరి బోర్డే లేనప్పుడు రోజూ ఆకాశం ఎందుకురా అడిగావు?”

“ఇంకేం అడిగినా నువ్వు పెట్టేస్తావని భయం. నీ గొంతు వినకపోతే నాకు పొద్దు పొడిచినట్టే ఉండదక్కా.”

“నా బాధా అదే. ఈ కిటికీలోంచి ఎదురు ఫ్లాట్ల గోడా, దాని పైన జానెడు ఆకాశమూ తప్ప ఏమీ కనపడదురా. ఆ మాట చెప్తే, ఇక నువ్వు నాకెందుకు చేస్తావు?”

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పొయ్యి దగ్గర భార్య అటు తిరిగి నిలబడింది.

“అక్కడ నువ్వెలా ఉన్నావక్కా?”

అవతల తలుపు వేసిన చప్పుడు వినపడింది.

“రాయవు కదా?”

“ఒట్టు.”

అప్పుడు ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పదేళ్లుగా దాచుకున్నవన్నీ చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయడం లేదు. తమ్ముడు ఒట్టేశాడు, మాటంటే మాటే. అర నిమిషం మాట్లాడే ఫోను ఆ రోజు నలభై ఏడు నిమిషాలు నడిచిందని మాత్రం చెప్పుకోవచ్చు.

ఆయన సైకిలు తొక్కుకుంటూ గేటు చేరేసరికి ఆరూ నలభై రెండు. కూత కూసి పన్నెండు నిమిషాలైంది. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి. వాచ్‌మన్ నోరు తెరుచుకుని చూశాడు. రంగు తొట్ల పెద్దావిడ లోపలికి వెళ్లబోతున్నదల్లా వెనక్కి తిరిగి, “అమ్మమ్మా, గళ్ల బాబాయే లేటు! రిజిస్టరు తీయండి, తీయండి!” అని అరిచింది. నలుగురు పోగయ్యారు. ఫిట్టరు అందరికంటే ముందున్నాడు.

ఆయన కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరిచాడు. తన పేరు రాసుకున్నాడు. వేళ, ఆరూ నలభై రెండు. ఆలస్యం, పన్నెండు నిమిషాలు.

“కారణం బాబాయ్, కారణం!” అన్నాడు ఫిట్టరు. “చెప్పుకునేది కాకపోతే ఒకటి అల్లు.”

కలం ఆ గడి మీద కాసేపు ఆగింది. ఆయన దానికి మూత పెట్టి, గడి ఖాళీగానే వదిలి, రిజిస్టరు మూసేశాడు. పళ్లు జివ్వుమనలేదు.